గనికి అన్నిటికన్నా దగ్గరి ఇల్లు

ఉత్తరాలు పంచడం పోస్టుమాన్ పని. కానీ ఆ వీధిలో ఒక్క ఇల్లే మిగిలాక, ఒక్క కవరు కోసం అంత దూరం ఎవరు తొక్కుకుంటూ పోతారని అతను రావడం మానేశాడు. "నువ్వెలాగూ వెళ్తావుగా" అంటూ ఆఫీసువాళ్ళు ఆ కవరును కూడా దుమ్ము మేస్త్రి సంచిలోనే పడేశారు.

గనిలో అందరూ అతన్ని దుమ్ము మేస్త్రి అనే పిలుస్తారు. చుట్టుపక్కల గాలిలో దుమ్ము ఎంత ఉందో కొలిచి రాయడం అతని ఉద్యోగం. కాగితాల మీద ఆ ఉద్యోగానికి బారెడు పేరుంది గానీ, దాన్ని ఊపిరి తిప్పుకోకుండా పలికినవాళ్ళను అతనింతవరకూ చూడలేదు.

కవరులో ఏముందో అతనికి తెలుసు. ఇలాంటి కవర్లు ఇంతకు ముందు రెండు తెచ్చి ఇచ్చాడు. ఆ రెండూ అతనే చదివి వినిపించాడు.

స్కూటరు చప్పుడు వినగానే ఇంటి తలుపు తెరుచుకుంది. తట్టకుండానే తెరుచుకునే తలుపు ఈ లోకంలో అతనికి అదొక్కటే. వీధి పొడుగునా కూల్చేసిన ఇళ్ళ గడపరాళ్ళు వరసగా పడున్నాయి. గనికి ఐదొందల గజాల లోపు ఉన్నవాళ్ళందరికీ కొండ అవతల కొత్త కాలనీలో ఇళ్ళిచ్చి పంపించారు. సర్వేవాళ్ళు గీసిన గీత సరిగ్గా ఈ ఇంటి పక్కింటి గోడ దగ్గర ఆగిపోయింది. గీతకు బయట పడ్డ నాలుగైదు కుటుంబాలు తమ దారి తాము చూసుకున్నాయి. ఈ ఇంట్లో ఉండే టైలరక్కకు కుట్టుమిషను తప్ప వేరే దారి లేదు, ఆ మిషనుకు ఇప్పుడు పెద్దగా గిరాకీ లేదు.

ఆమెకు మిగిలిన ఆశ ఒక్కటే. గీతకు బయట ఉన్నా సరే, ఇంటి మీద దుమ్ము వంద అంకె దాటిందని తేలితే ఇల్లివ్వాల్సిందేనని గనికి అనుమతి ఇచ్చినప్పుడు షరతు పెట్టారు. ఆ అంకె తేల్చే మిషను ఆమె డాబా మీదే ఉంది. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అది అరవై దాటలేదు.

"ఏమంటున్నారు మీవాళ్ళు?" కవరు వైపు చూడకుండానే అడిగింది టైలరక్క. ఆసుపత్రికి కుట్టే తెల్లకోటు కాలరుకు టాకాలు వేస్తోంది. వయసు యాభై దాటింది, చేతి వేగం మాత్రం తగ్గలేదు.

"నువ్వే చదువుకో అక్కా."

"కళ్ళజోడు ఎక్కడ పెట్టానో నాకే తెలీదు. చదువు, నేనేం కరవను."

అతను గొంతు సవరించుకున్నాడు. "మీ నివాసంపై నాలుగేళ్ళుగా సేకరించిన నమూనాలలో దుమ్ము పరిమితిలోనే ఉన్నందున, ప్రత్యామ్నాయ గృహం కోరుతూ మీరు పెట్టుకున్న మూడవ అర్జీని..."

"చాల్లే. తరవాతది నాకు నోటికొచ్చు." దారం పళ్ళతో కొరికి, కోటు దులిపి వెలుతురులో పట్టుకుంది. "పొద్దున్న కత్తిరించిన గుడ్డ ఇది. చూడు."

కాలరు మడతలో సన్నటి నల్ల చార ఉంది. ఆమె గోటితో గీకింది, చార ఇంకాస్త పాకింది.

"ఆసుపత్రివాళ్ళు ఇదే ఆఖరి కట్ట అన్నారు. తెల్లగుడ్డ ఇస్తే బూడిదరంగు కోటై తిరిగొస్తోందట. ఇక్కడ కళ్ళకు కనబడే దుమ్ము నీ మిషనుకెందుకు కనబడదు తమ్ముడూ?"

"మిషను అబద్ధం చెప్పదక్కా."

"అయితే నా గుడ్డ చెప్తోందేమో" అని నవ్వింది. ఆ నవ్వులో అతని మీద కోపం లేదు. కోపం ఉన్నా బాగుండుననిపించింది అతనికి.

డాబా మీద మిషను నడుమెత్తున నిలబడి ఉంది. కింద మోటారు, పైన ఇంటికప్పు లాంటి రేకు మూత. చుట్టూ ఉన్న గాలిని లోపలికి పీల్చి కాగితం గుండా వదులుతుంది, గాలిలోని దుమ్ము కాగితానికి పట్టుకుంటుంది. మంగళవారం, శుక్రవారం పొద్దున పదింటికి కొత్త కాగితం పెట్టాలి, మర్నాడు పదింటికి తీసి తూకం వేయాలి. అతను మూత ఎత్తి, నాలుగు మరలూ విప్పి, చిన్న పట్టకారుతో కొత్త కాగితాన్ని అంచు పట్టి లోపల పెట్టాడు. ఈ కాగితాన్ని వేలితో తాకకూడదు, వేలికున్న చెమట కూడా తూకంలోకి వచ్చేస్తుంది. చంటిబిడ్డకు గుడ్డ మార్చినంత శ్రద్ధగా ఆ పని చేస్తాడు. గనిలో అతని పనిని ఎవరూ మెచ్చుకోరు. అందుకని అప్పుడప్పుడూ తనే మెచ్చుకుంటూ ఉంటాడు.

అంతా కలిపి అరగంట పని. కానీ టీ, కబుర్లు అయ్యి స్కూటరెక్కేసరికి ఏ రోజైనా పన్నెండు దాటుతుంది. ఒంటిగంట మాత్రం దాటదు. రెండింటికి గనిలో బ్లాస్టింగ్, ఆ వేళకు ఎవరూ ఆ చుట్టుపక్కల ఉండాలనుకోరు.

ఆ మంగళవారం టీ సగమే తాగాడు. ఉత్తరం సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు. గ్లాసు కింద పెట్టి త్వరగా వచ్చేశాడు.

ల్యాబు చేరాక సంచిలో పట్టకారు పెట్టె లేదని తెలిసింది. డాబా పిట్టగోడ మీద మరిచిపోయాడు. అది లేకుండా మర్నాటి పని జరగదు. గేటు దగ్గర బ్లాస్టింగ్ కోసం బళ్ళు ఆపేశారు, సైరను మోగింది, కాళ్ళ కింద నేల ఒక్కసారి ఉలిక్కిపడింది. గేటు తీసేసరికి రెండుంపావు. గనిమీంచి లేచిన మబ్బు వీధి వైపే వస్తోంది. అతను జేబురుమాలు ముక్కుకు కట్టుకుని స్కూటరు తిప్పాడు.

వీధి తలుపు వేసి ఉంది. పిలిస్తే పలకలేదు. పక్కనున్న మెట్లెక్కాడు.

టైలరక్క డాబా మీదే ఉంది. తలకు తువ్వాలు చుట్టుకుని, మిషను మీదికి వంగి, దానికి ఏదో తొడుగుతోంది. మందపాటి రెండు పొరల గుడ్డతో, రేకు మూత ఆకారానికి అచ్చంగా అతికినట్టు కుట్టిన తొడుగు. అంచుకు నాడా ఉంది, మూలల్లో కాజాలూ బొత్తాలూ ఉన్నాయి. ఆమె నాడా లాగి ముడి వేసి, తొడుగు మీద ఒకసారి చెయ్యి వేసి సర్దింది.

"అక్కా! ఏం చేస్తున్నావు?"

ఆమె ఉలిక్కిపడి, అతన్ని చూసి నవ్వింది. "కనబడట్లా? నీ మిషను దుమ్ముపట్టి పోకుండా కాపాడుతున్నా. నువ్వేంటి ఈ వేళప్పుడు?"

"ఇది... ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు తెచ్చి పెట్టిన వారం నుంచీ. నువ్వే కదా అన్నావు, జాగ్రత్తగా చూసుకో అక్కా, ఖరీదైన మిషను, పాడైతే నా ఉద్యోగం పోతుందని. రోజూ బ్లాస్టింగ్ కాగానే వేస్తా, పొద్దుగూకాక తీస్తా. దానికీ గాలాడాలి కదా పాపం." తువ్వాలుతో మూతి తుడుచుకుని గర్వంగా చూసింది. "ఇది నాలుగో తొడుగు. మొదటి మూడూ చీకిపోయాయి. నాలుగేళ్ళలో ఒక్కసారైనా నీ మిషను మొరాయించిందా చెప్పు?"

మొరాయించలేదు. గనిలో ఉన్న ఆరు మిషన్లలో ఎన్నడూ మరమ్మతుకు రానిది ఇదొక్కటే. ల్యాబులో ఎవరైనా అడిగితే తన చేతి చలవ అని చెప్పుకునేవాడు. మిషను ఎంత గాలి లాగుతోందో మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూస్తే చాలు. ఆ రెండు వేళల్లోనూ తొడుగు ఉండదు.

"పెట్టె మరిచిపోయా" అన్నాడు. పెట్టె తీసుకుని మెట్లు దిగాడు. వెనకాల ఆమె దగ్గుతూ, "టీ పెడతా, ఆగు!" అని పిలుస్తూనే ఉంది.

బుధవారం కాగితం తూచాడు. యాభై నాలుగు. తూకం కాగితంలో తొమ్మిదో గడి: నమూనా తీసిన సమయంలో యంత్రానికి అడ్డంకి ఏదైనా ఉన్నదా? ఇన్నాళ్ళూ ఆ గడిలో 'లేదు' అని రాస్తూ వచ్చాడు. నాలుగొందల పైచిలుకు కాగితాల మీద, అలవాటు కొద్దీ, ప్రశ్న చదవకుండానే. ఆ రోజు చదివాడు. చదివి కూడా 'లేదు' అనే రాశాడు.

అంతకు ముందు అదే పొద్దున ఆమె ఇంటికి వెళ్ళి కాగితం తీసుకున్నాడు. టీ తాగాడు. ఆఖరి కట్టలో ఆరు కోట్లు అయ్యాయని ఆమె చెబితే ఊఁ కొట్టాడు. తొడుగు మాట ఎత్తలేదు.

గురువారం సెలవు. గని సిబ్బందికి కట్టిన క్వార్టర్సు వరసలో అతనిదొక్కటే తాళం వేయని గది. మిగతావాళ్ళంతా ఊళ్ళో కాపురాలుండి బస్సుల్లో వస్తారు. ఒక మంచం, ఒక కంచం, ఒక గ్లాసు. కంచం కడిగి బోర్లించాడు. మాట్లాడటానికి మనిషి లేని రోజుల్లో అతను పాత తూకం కాగితాలు సర్దుతాడు. ఆ రోజు వాటి జోలికి పోలేదు.

మంచం మీద వాలి, తన మనసులోకి తను చూసుకున్నాడు. చూసింది నచ్చలేదు. ఉద్యోగం పోతుందని భయం ఉంది, నిజమే. కానీ దాని కింద ఇంకోటి ఉంది. ఇంతకు ముందు రెండు ఉత్తరాలు చదివినప్పుడు తనకు బాధ వేసింది, బాధతో పాటు ఎక్కడో చిన్న సంతోషం కూడా వేసింది. ఆమె వెళ్ళదు. మంగళవారం ఆ తలుపు తెరుచుకుంటుంది. రెండో గ్లాసు కడిగి పెట్టి ఉంటుంది. ఆమెను అక్కడ బిగించి ఉంచిన అంకెను చూసి తను సంతోషపడ్డాడు. ఛీ అనిపించింది.

శుక్రవారం పదింటికి కాగితం పెట్టి, కిందికి వచ్చి, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, నీకో మాట చెప్పాలి."

"చెప్పు. ముందు కూర్చో."

"నిలబడే చెప్తా."

ఆమె పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని కోటు అంచు మడుస్తోంది. అతను చెప్పాడు. మిషను చేసే పనేమిటో, బ్లాస్టింగ్ తరవాతి గంటల దుమ్మే అసలు దుమ్మని, అది కాస్తా తొడుగుకే పట్టి కాగితం దాకా రాలేదని. ఆమె మధ్యలో అడ్డుపడలేదు. నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది.

"అంటే, నాకు ఇల్లు రాకుండా చేసింది నేనే."

"నువ్వు కాదక్కా."

"మరెవరు? నీ మిషను ముక్కు మూసింది నేనేగా. నా ముక్కు మాత్రం తెరిచి పెట్టుకుని." నవ్వబోయింది, నవ్వు సగంలో తెగిపోయింది. "నీకెప్పుడు తెలిసింది?"

"మంగళవారం."

"ఇవాళ శుక్రవారం."

"అవును."

"బుధవారం వచ్చావు. టీ తాగి వెళ్ళావు."

ఆమె సూదుల దిండును పక్కకు జరిపింది.

"ఎందుకు చెప్పలేదు?"

ఉద్యోగం సాకు నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. "చెప్తే నువ్వు వెళ్ళిపోతావని."

ఆమె అతన్ని చాలాసేపు చూసింది, కొలతలు తీసుకునేటప్పుడు మనిషిని చూసినట్టు. జాలిపడిందో అసహ్యించుకుందో అతనికి అర్థం కాలేదు.

"నాలుగేళ్ళు" అంది నెమ్మదిగా. "నా ఇంటి దుమ్ము కొలవడానికి నాలుగేళ్ళు వచ్చావు. ఒక్కటంటే ఒక్క మధ్యాహ్నం ఆ దుమ్ములో కూర్చున్నావా? కూర్చునుంటే నాతో పాటు మెట్లెక్కేవాడివి. మొదటివారమే నా చెయ్యి పట్టుకుని ఆపేవాడివి."

అంతకన్నా నిజమైన మాట అతని గురించి ఎవరూ అనలేదు.

"ఇవాళ కూర్చో" అంది.

కూర్చున్నాడు. ఒంటిగంట అయింది, లేవలేదు. రెండింటికి సైరను మోగింది. కిటికీ ఊచలు గజగజలాడాయి, అలమర తలుపు దానంతటదే తెరుచుకుంది, ఆమె లేచి మూసింది. ఆ తలుపు రోజూ అలాగే తెరుచుకుంటుందని, రోజూ అలాగే మూస్తుందని ఆ నడకలోనే తెలిసింది. పది నిమిషాలకు వెలుతురు పలచబడింది. దుమ్ము గుమ్మంలోంచి రాలేదు, సందుల్లోంచి వచ్చింది, తలుపు కింద నుంచి, కప్పు అంచు నుంచి, మూసిన కిటికీ చెక్కల మధ్య నుంచి. నాలుక మీద ఇసుక రుచి తగిలింది. కళ్ళు మండాయి. ఆమె కోటును పాత దుప్పటిలో చుట్టి, దాన్ని పెట్టెలో పెట్టి, పెట్టె మీద ఇంకో దుప్పటి కప్పి, ఆ తరవాతే తన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నోరు తెరిస్తే దుమ్మే.

డాబా మీద మిషను తొడుగు లేకుండా గుర్రుమంటోంది. రోజూ వినే చప్పుడే, అతనికి మాత్రం ఆ రోజు కొత్తగా వినబడింది.

నాలుగింటికి గాలి కాస్త తేరుకుంది. ఆమె తొడుగును ఒళ్ళో వేసుకుని చిన్న కత్తెరతో కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఒక్కో కుట్టూ తెంపి, దారం లాగి, ముక్కలు విడదీసి దులిపింది.

"పారెయ్యి అక్కా, అదెందుకింక."

"గుడ్డేం చేసింది? మంచి గుడ్డ. రెండు దిండు గలీబులవుతాయి" అంది.

శనివారం ఆ కాగితం తీసి వెలుతురులో చూశాడు. తెల్లకాగితం కాదది, నల్లరేగడి మట్టి పూసినట్టుంది. తూకంలో రెండొందల ముప్పై ఎనిమిది. రెండోసారి తూచాడు. అంతే. తొమ్మిదో గడిలో, 'ఈ రోజు లేదు. గత నాలుగేళ్ళుగా ప్రతి నమూనాకూ ఉన్నది' అని రాసి, కింద ఏం జరిగిందో ఐదు వరుసల్లో రాసి, సంతకం పెట్టి, పర్యావరణ విభాగం సారు గదికి పట్టుకెళ్ళాడు.

సారు చెడ్డవాడేం కాదు. కిటికీలో కుండీలు పెట్టుకుని, మొక్కలకు తనే నీళ్ళు పోసుకునే మనిషి. కాగితం చదివి ముందు కళ్ళజోడు తీశాడు, తరవాత పగలబడి నవ్వాడు.

"తొడుగు కుట్టిందా? బొత్తాలు కూడా పెట్టిందా? ఏమయ్యా, నాలుగేళ్ళూ నువ్వేం చేస్తున్నావ్?"

"టీ తాగుతున్నా సార్."

సారు నవ్వు ఆపాడు. కాగితం మళ్ళీ చదివాడు. "ఇది ఇలాగే పైకి పంపిస్తే నాలుగేళ్ళ లెక్కలు తిరగదోడతారు. నువ్వూ పోతావు, నేనూ పోతాను. ఆమెకు కావాల్సింది ఇల్లే కదా?"

"ఇల్లే సార్."

సారు సొరుగు లాగి, చీటీ కట్టిన తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "కొత్త కాలనీలో ఆఖరి వరస, మూలది. గురువారం వ్యాను పంపిస్తా."

దుమ్ము మేస్త్రి తాళంచెవిని చూశాడు. చీటీ అంచులు పసుపుబారాయి. "ఇది ఎప్పట్నుంచి ఖాళీగా ఉంది సార్?"

"రెండేళ్ళ పైనే. ఎవరూ తీసుకోలేదు." చాలా మామూలుగా చెప్పాడు. ఆ పైన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తాళంచెవి తీసిన సొరుగులోనే వేశాడు. "ఆమె వెళ్ళిపోతే అక్కడ నివాసమే ఉండదు. మనుషులు లేనిచోట దుమ్ము ఎంతుంటే ఎవరికయ్యా? ఇది పంపాల్సిన పనే లేదు."

"సార్, కానీ..."

"ఆ నాలుగొందల కాగితాల మీద సంతకం ఎవరిది?"

"నాది."

"మరింకేం."

మరింకేం లేదు. మూడు అర్జీలు, మూడు ఉత్తరాలు, నాలుగేళ్ళ దగ్గు, ఐదు నిమిషాల్లో తేలిపోయాయి. తాళంచెవి చల్లగా ఉంది. ఆ రోజే ఇచ్చి వస్తే ఆమె దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, "ఇంత చిన్నదా" అని మాత్రం అంది.

గురువారం వ్యాను వచ్చింది. సామాను ఎక్కించడానికి గంట పట్టలేదు. కుట్టుమిషను మాత్రం ఆమె ఎవరినీ తాకనివ్వలేదు. తల భాగం విప్పి, దుప్పటిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. అతను కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"కొత్త ఇంటి మీద నీ మిషను పెడతారా?"

"అక్కడ అక్కర్లేదక్కా. దుమ్ముండదు."

"అయితే నువ్వు రావు."

అడగడం కాదది, తెలిసిన సంగతి చెప్పడం. మిషను లేకపోయినా వస్తానని అనాలనుకున్నాడు. ఏ ముఖం పెట్టుకుని? బుధవారం తాగిన టీ ఇంకా గొంతులోనే ఉన్నట్టుంది. అతను ఆ మాట వెతుక్కునేలోపే డ్రైవరు గేరు వేశాడు. ఆమె ఒళ్ళోని మూటను గట్టిగా పట్టుకుని ఎదురుగా రోడ్డు వైపు చూసింది. కాలనీకి వెళ్ళే రోడ్డు నున్నగా ఉంటుందని, మిషనుకు దెబ్బ తగలదని అతను గాలికి చెప్పాడు.

గనికి అన్నిటికన్నా దగ్గరగా మనుషులున్న ఇంటి మీద మిషను ఉండి తీరాలి. అది షరతు. సర్వేవాళ్ళు మళ్ళీ పటం పరిచి కొలిచారు. టైలరక్క ఇంటి తరవాత దగ్గరిది సిబ్బంది క్వార్టర్సు. పదకొండు గదులు, వాటిలో పది గదులకు తాళాలు.

"నీ గది మీదే పెట్టేసుకో" అన్నాడు సారు ఫోనులో. "నీకూ తిరుగుడు తప్పుతుంది."

మంగళవారం ఇద్దరు కూలీలు మిషను తెచ్చి అతని కప్పు మీద నిలబెట్టి వెళ్ళిపోయారు. కొత్తచోటికి కొత్త కాగితం నింపాలి. అతను మంచం మీద కూర్చుని నింపాడు. ఇంట్లో ఉండేవారు: ఒకరు. నివాసి సంతకం దగ్గర సంతకం పెట్టాడు. సిబ్బంది సంతకం దగ్గరా పెట్టాడు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

అట్టడుగున చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంది. వెనుక ముద్రించిన సూచనలను నివాసికి చదివి వినిపించాను. పక్కన టిక్కు పెట్టడానికి గడి. నాలుగేళ్ళ కిందట ఇలాంటి కాగితం మీదే, టైలరక్క ఇంటి గుమ్మంలో నిలబడి, ఆ గడిలో టిక్కు పెట్టిన గుర్తుంది. చదివి వినిపించిన గుర్తు లేదు. వెనక్కి తిప్పి చూసిన గుర్తు కూడా లేదు.

ఇప్పుడు తిప్పాడు. ఏడు సూచనలున్నాయి. ఎదురుగా ఎవరో కూర్చుని ఉన్నట్టు, గొంతు సవరించుకుని పైకి చదివాడు.

"ఒకటి. యంత్రాన్ని గుడ్డతో గానీ, మరి దేనితోనైనా గానీ కప్పరాదు."

మిగతా ఆరూ చదవలేకపోయాడు. బయట సైరను మోగింది. తలుపు మూయడానికి లేవలేదు, కాగితం ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉన్నాడు. దుమ్ము గుమ్మం దాటి లోపలికి వస్తుంటే, ఆ ఒక్క వాక్యాన్నే మళ్ళీ చదివాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా, కొండ అవతలికి వినబడాలన్నట్టు.